నూట యాభై మూడు పూసలతో వాల్తేరు ప్రయాణం

విశాఖపట్నం వెళ్ళొచ్చినవాళ్ళు సముద్రం గురించి చెబుతారు. నౌకలూ, కొండ మీద దీపాలూ చూశామంటారు. నేనూ అవన్నీ చూశాను గాని, నేను వెళ్ళిన పని వేరు. ఒక ప్రోటీను అణువును అట్టపెట్టెలో పెట్టుకుని, ఒళ్ళో మోసుకుని వెళ్ళి, అడిగినవాళ్ళ చేతికి అప్పగించడం నా పని. అసలు అణువు కంటికి కనబడదు. నేను మోసుకెళ్ళింది దాని నమూనా. చెక్క పూసలు, రాగి తీగ, ఒక సైకిలు బేరింగు గుండు.

నిడదవోలు హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పదహారో ఏటి నుంచి డైరీ రాస్తున్నాను. ఇది ఆ డైరీ చూసి రాస్తున్నదే. అందువల్ల ఇడ్లీ ధర దగ్గర తప్పు ఉండదు. మనుషుల మాటల దగ్గర ఒకటి రెండు ఉంటే మన్నించాలి.

పని పురమాయించింది సుభద్ర. మా ఊరి కాంపౌండరుగారి అమ్మాయి, నా దగ్గర బొమ్మలు నేర్చుకుంది. ఇప్పుడు వాల్తేరు విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. ఇంగ్లీషులో ట్యూనా అనే సూర చేప కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీను మీద ఆమె పని. మనం ఊపిరి పీల్చిన ప్రాణవాయువును కండలో దాచిపెట్టేది ఆ ప్రోటీనేనట. కిందటిసారి సెమినారులో పరీక్షకుల ముందు నల్లబల్ల మీద దాన్ని గీసి చూపబోతే ఎవరికీ ఏమీ అర్థం కాలేదట. ఈసారి కూడా అర్థం కాకపోతే ఫెలోషిప్పు ఆగిపోతుంది, ఇంటికొచ్చెయ్యాలి. "మాస్టారూ, చేతిలో పెట్టి చూపించే బొమ్మ ఒకటి ఉంటే నేను నెగ్గుతాను. కొనాలంటే విదేశాల నుంచి రావాలి. మీరు చెయ్యగలరా?" అని ఉత్తరం రాసింది. పొగమంచులాంటి జిరాక్సు బొమ్మ ఒకటి, లెక్కల కాగితం ఒకటి జత చేసింది.

లెక్కలంటే నాకు ప్రాణం. పూసలు నూట యాభై మూడు. ఒక్కో పూస ఒక్కో అమైనో ఆమ్లం, రకానికో రంగు. దండలా గుచ్చి, ఎనిమిది చోట్ల స్ప్రింగులా చుట్టాలి. అయిదు చుట్లకు పద్దెనిమిది పూసలు రావాలి. ఆ తర్వాత స్ప్రింగులన్నీ ఒకదాని మీద ఒకటి ముడుచుకుని, మధ్యలో చిన్న గూడు మిగలాలి. ఆ గూట్లో ఒక పల్చటి బిళ్ళ, బిళ్ళ మధ్యన ఒక్క ఇనుము పరమాణువు. అదే ప్రాణవాయువును పట్టుకునేది. ఏటికొప్పాక నుంచి లక్క పూసలు తెప్పించాను, ఇరవై అదనంగా. మా ఆవిడ చపాతీ కర్ర మీద తీగ చుట్టాను. ప్రతి స్ప్రింగునూ మూడుసార్లు లెక్కపెట్టి డైరీలో గుర్తు పెట్టుకున్నాను. నెల పట్టింది.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తే మంచిది. నాది ఎడమచేతి వాటం. రాయడం, తినడం చిన్నప్పుడే పంతులుగారి బెత్తం వల్ల కుడి చేతికి మారాయి. పనిముట్టు పట్టుకుంటే మాత్రం ఇప్పటికీ ఎడమ చెయ్యే ముందుకొస్తుంది.

రైల్లో

బుధవారం పొద్దున్న ఎక్కాను. ఎనభైల మొదట్లో సంగతి. ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి జోరుగా సాగుతున్న రోజులు. బోగీలో సగం మంది ఆ పనికి వెళ్ళేవాళ్ళే. నా ఎదుట కూర్చున్న కోటేశ్వరరావు గుడివాడ వైపు వాడు, వెల్డరు. ఇంటికెళ్ళి వస్తూ ఒక ఇనపపెట్టె నిండా పచ్చళ్ళూ సున్నుండలూ తెచ్చుకుంటున్నాడు. రాజమండ్రి వంతెన దాటేలోపే రెండు సున్నుండలు నా చేతిలో పెట్టాడు. గోదావరి దాటేటప్పుడు అందరూ కిటికీలోంచి పైసలు వేస్తుంటే అతను మాత్రం దణ్ణం పెట్టి ఊరుకున్నాడు. కృష్ణ ఒడ్డువాణ్ణి కదండీ, మా నదికి ఇవ్వాల్సింది మా నదికే ఇచ్చుకుంటానన్నాడు.

నా పెట్టెలో ఏముందని అడిగాడు. చూపించాను. ఎర్రటి ప్లాస్టిక్ బిళ్ళ మధ్యన మెరుస్తున్న బేరింగు గుండు దగ్గర అతని వేలు ఆగింది.

"ఇదేంటండి మాస్టారూ?"

"ఇనుము. మన కండలో ఉండేదే."

"ఇనుమే? అయితే మావాడేనండి. మేం వేల టన్నులు పోసి కడతన్నాం, మీరు ఒక్క గుండుతో సరిపెట్టారు," అన్నాడు.

తుని స్టేషనులో టీ నలభై పైసలు. మా నిడదవోలు కంటే అయిదు పైసలు ఎక్కువ, పాలు తక్కువ. అనకాపల్లి దగ్గర రైలు ఒక్కసారిగా బ్రేకు వేసింది. పై బల్ల మీదున్న కోటేశ్వరరావు ఇనపపెట్టె జారి నా అట్టపెట్టె మూల మీద పడింది. తెరిచి చూస్తే ఏడు పూసల చిన్న స్ప్రింగు ఒకటి తెగి విడిపోయింది. అది నాలుగోది, రెండే చుట్లది. మిగిలినవి నిలిచాయి. పాపం అతను దువ్వాడ దాకా క్షమాపణలు చెబుతూనే ఉన్నాడు. వెల్డింగు చేసి ఇస్తానన్నాడు. చెక్కకు వెల్డింగు పడదు నాయనా, నైలాను దారంతో కట్టుకుంటాలే అన్నాను. దిగేటప్పుడు మరో నాలుగు సున్నుండలు పరిహారంగా ఇచ్చాడు. ఆ ఇనపపెట్టె మాకెంత మేలు చేసిందో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

మద్దిలపాలెం

వాల్తేరు స్టేషను బయట రిక్షా అతను మద్దిలపాలేనికి మూడు రూపాయలడిగాడు. ఊరంతా ఎత్తులూ పల్లాలూ. ఎత్తు వచ్చినప్పుడల్లా నేను దిగి పెట్టె పట్టుకుని నడిచాను, అతను ఖాళీ రిక్షా లాక్కొచ్చాడు. నాలుగో ఎత్తు దగ్గర, "మీరు దిగీసి నడిసీసిన దూరానికి డబ్బులు అడగనులెండి" అని తనే రెండున్నరకు దిగాడు. మా గోదావరి బల్లపరుపు నేల మీద రిక్షావాళ్ళకు ఈ బేరం తెలియదు.

బస్సు డిపో దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. కింద హోటల్లో ప్లేటు ఇడ్లీ రూపాయి. అల్లం పచ్చడి మాత్రం మా వైపు కంటే ఘాటు. బెల్లం వెయ్యమని అడిగితే వడ్డించే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గోదారోల్లా?" అన్నాడు. ఔనన్నాను. అంతే, ఇంకేమీ అడగకుండా బెల్లం ముక్క తెచ్చి పెట్టాడు. మా వాళ్ళు అంతకుముందే ఆ ఊరి నిండా ఉన్నారన్నమాట.

సాయంత్రం సుభద్ర ఉండే హాస్టలు సందర్శకుల గదికి వెళ్ళాను. కరెంటు సగమే వస్తోంది, బల్బు గుమ్మడిపువ్వులా ఉంది. పిల్ల చిక్కింది. నమూనా బయటికి తీయగానే రెండు చేతుల్లోకీ తీసుకుంది. విడిగా ఉన్న ముక్కతో కలిపి పూసలు లెక్కపెట్టింది, సరిపోయాయి. గూట్లో వేలు పెట్టి ఇనుము గుండును తాకి చూసింది. అరగంట సేపు అటూ ఇటూ తిప్పి, "శుక్రవారం పదింటికి ఇది చేతిలో ఉంటే నాకింక భయం లేదు మాస్టారూ" అంది. ఆ ముక్క రైల్లో తెగిన సంగతి చెప్పాను. రేపు పొద్దున్న చేపల రేవుకు వెళ్తున్నాను, అక్కడ వలలు కుట్టేవాళ్ళ దగ్గర మంచి దారం దొరుకుతుంది, మీరూ రండి అంది. ఆ ముక్కను జేబు రుమాల్లో చుట్టి సంచిలో వేసుకున్నాను.

చేపల రేవు

గురువారం పొద్దున్న రేవులో దిగేసరికి నా తెల్ల పంచె అంచు ఎర్రబడి ఉంది. ఓడల్లోకి ఎక్కించే ముడి ఇనుము ధూళి గాలిలో వస్తుందట. ఇక్కడ ఇది మామూలే, ఎర్ర నేలల వాళ్ళలా కనబడతారు అందరూ అని సుభద్ర నవ్వింది.

చేపల గుట్టల మధ్య ఆమె నేరుగా పోలమ్మ దగ్గరికి వెళ్ళింది. పోలమ్మ చేపలమ్మే మనిషి, యాభై దాటి ఉంటుంది. మూడేళ్ళుగా సుభద్ర పరిశోధనకు సూర చేపలు ఇచ్చేది ఆమే. ముందు వంజరం కోసి చూపించింది, కండ తెల్లగా ఉంది. తర్వాత సూర కోసింది. పక్కన ముదురు ఎరుపు చార, గొడ్డుమాంసంలా. ఇంత తేడా ఎందుకని నేనడిగాను. సుభద్ర నోరు తెరిచేలోపే పోలమ్మ చెప్పింది.

"సూర నిలబడదు బాబూ. నిలబడితే సచ్చిపోద్ది. పుట్టిన కాణ్ణుంచి ఈదతానే ఉంటాది. అంత కట్టపడే కండ ఎర్రగా ఉండకేటి సేత్తాది?"

తన పరిశోధన గ్రంథం మొదటి వాక్యం అదేనని, దానికి ముప్పై పుస్తకాలు తిరగేశానని సుభద్ర చెప్పింది. ముప్పై పుస్తకాలకెందుకు, నన్నడిగితే సెప్పీదాన్ని కదా అంది పోలమ్మ. ఎక్కువ ఈదే చేపకు కండలో ప్రాణవాయువు ఎక్కువ దాచుకోవాలి, దాచుకునే ప్రోటీనుకు ఆ ఎర్ర రంగు ఇనుము వల్ల వస్తుంది. ఇంతే సంగతి. మనిషి కండలోనూ, తిమింగలం కండలోనూ అదే ప్రోటీను కొద్ది మార్పులతో ఉంటుందట. నాకు పంపిన బొమ్మా, పూసల లెక్కా తిమింగలానివట.

వలల పాక పోలమ్మ ఇంటాయనది. పేరు నూకరాజు. ఒకప్పుడు పడవ మీద వెళ్ళేవాడు, ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి వలలు కుడుతూ, తాళ్ళు పేనుతూ ఒడ్డునే ఉంటున్నాడు. దారం కావాలని చెప్పి నా రుమాలు విప్పి స్ప్రింగు ముక్క అతని చేతికిచ్చాను. అతను దారం వైపు చూడలేదు. బొటనవేలితో ఆ స్ప్రింగును ఒకసారి నిమిరి నా వైపు చూశాడు.

"ఎడం సేత్తో సుట్టినారేటి బాబూ?"

నేను ఉలిక్కిపడ్డాను. నా చెయ్యి అతను చూసింది లేదు. ఎలా తెలిసిందని అడిగాను.

"పురి ఎడంగా ఉంది కదా. మా తాడు సూడండి, కుడి పురి. ఎడపురి తాడు మేం పడవకి కట్టం. మా కాడ పాడెకే కడతారు."

నాకు నవ్వొచ్చింది. సుభద్ర నవ్వలేదు. ఆ ముక్కను అతని చేతిలోంచి తీసుకుంది. కుడి చెయ్యి పిడికిలి పట్టి బొటనవేలు పైకెత్తింది. స్ప్రింగును పక్కన పెట్టి చూసింది. తీగ ఆమె వేళ్ళు ముడుచుకున్న దారిన పైకెక్కడం లేదు. ఎడమ పిడికిలి పట్టింది. చక్కగా ఎక్కింది. పిల్ల మొహం పాలిపోయింది.

"మాస్టారూ, మొత్తం ఎనిమిదీ ఇలాగేనా?"

"ఎనిమిదీ నా చేతివేనమ్మా."

ప్రోటీనులో ఈ స్ప్రింగు ఎప్పుడూ కుడి వైపే తిరుగుతుందట. అది ఆ శాస్త్రంలో ఓనమాలట. పరీక్షకులు నమూనా చేత్తో పట్టుకోగానే ముందు చూసేది అదేనట. ఓనమాలు తెలియని పిల్ల మూడేళ్ళు ఏం చేసిందని అడుగుతారు. ఎటు తిప్పాలో ఆమె రాయలేదు, నేను అడగలేదు. కుడిచేతి వాళ్ళకు కుడివైపు అని రాయాలని తోచదు, ఎడమచేతి వాడికి అడగాలని తోచదు. మూడుసార్లు లెక్కపెట్టి డైరీలో గుర్తు పెట్టిన మనిషిని, తిరిగే వైపు మాత్రం ఒక్కసారీ చూసుకోలేదు.

"రాత్రి అరగంట చూశాను. నాకూ కనబడలేదు," అంది సుభద్ర. తప్పు పంచుకోవడానికి అన్న మాట అది. నాకు తెలుసు.

నేను ముక్కను తలకిందులు చేశాను. అప్పుడైనా మారుతుందేమోనని ఆశ. నూకరాజు తల అడ్డంగా ఊపాడు.

"తాడుని ఎటు తిప్పి సూసినా పురి మారదు బాబూ. ఇప్పీసి మల్లీ సుట్టాల."

అద్దంలో చూపిస్తే మారుతుంది కదా అన్నాను. సుభద్రకు అప్పుడు నవ్వొచ్చింది. పరీక్షకులందరినీ అద్దం వైపు తిరిగి కూర్చోమందామా మాస్టారూ అంది. ఆ నవ్వుతో మాకు కాస్త ఊపిరాడింది. టైము చూస్తే తొమ్మిది. సెమినారు మర్నాడు పదింటికి. వెళ్ళి పెట్టె తెచ్చుకోండి, సాయంత్రంలోగా తేల్చేద్దాం అన్నాడు నూకరాజు, ఎవరూ అడగకుండానే.

వలల పాకలో

ఆ పగలంతా నేను ఎన్నటికీ మరచిపోను.

ముందు విప్పడం. మడతలు బొమ్మ చూసి సరిగానే మడిచాను, పురి ఒక్కటే తప్పు. అయినా మొత్తం విప్పితే గాని పురి తిప్పలేం. నెల రోజుల పని గంటలో తీగగా మారింది. పూసలు పోలమ్మ చేపల పళ్ళెంలో వరసగా పోశాం, ఏ పూస తర్వాత ఏది రావాలో నా డైరీలో ఉంది కాబట్టి బతికిపోయాం. తీగ మాత్రం బిరుసెక్కింది, వంచితే విరిగేలా ఉంది. దానికి మందు నాకు తెలుసు. రాగిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడుతుంది. పోలమ్మ పొయ్యి మీద చేపల పులుసు దింపి తీగ పెట్టాం.

సుభద్ర పొయ్యి దగ్గర కూర్చుని చెప్పింది. ప్రోటీను కూడా వేడికి ఇలాగే మడతలు విప్పేసుకుంటుందట. గుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడేది అందుకే. మడతలు ఊడిన దారాలు ఒకదానికొకటి చిక్కుపడిపోతాయి. పాలు పులిసి పెరుగవడంలోనూ ప్రోటీన్లే ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. దండలో పూసల వరస మారదు, కాని మడత పోతే పని పోతుంది. తాళంచెవిని సాగదీసి తీగ చేస్తే ఇనుము అంతే ఉంటుంది, తాళం మాత్రం తెరుచుకోదు, అలాగన్నమాట.

"మరి తీగ మల్లీ సుట్టుకుంటాది గదా," అంది పోలమ్మ. "ఉడికిన గుడ్డు మల్లీ పచ్చిదవుద్దేటి?"

కాదని, కొన్ని చిన్న ప్రోటీన్లు మాత్రం వేడి తగ్గగానే ఎవరూ చెప్పకుండా తమంతట తామే సరిగ్గా ముడుచుకుంటాయని, ఎలా ముడుచుకుంటాయో ఎవరికీ ఇంకా పూర్తిగా తెలియదని సుభద్ర చెప్పింది. పూసల వరసలోనే ఆ తెలివి ఉందట. నూకరాజు చెయ్యి ఆపి వింటున్నాడు. వల కూడా అంతే, బాగా కుట్టిన వలని ఇసిరితే దానంతట అదే పరుసుకుంటాది, నాను నీల్లలోకెల్లి సర్దను అన్నాడు.

చుట్టడం మొదలైంది. మా ఆవిడ చపాతీ కర్రా, మిగిలిన పూసలూ, తీగా సంచిలోనే ఉన్నాయి. మరమ్మతుకు కావాలేమోనని తెచ్చాను. మొదటి స్ప్రింగు నేనే చుడతానన్నాను. కుడి చేత్తో చుడితే తీగ వంకర్లు పోయింది. విసుగొచ్చి ఎడమ చేతిలోకి తీసుకోగానే అది పాత దారినే పోయింది. రెండుసార్లు అలాగే అయింది. మూడోసారి నూకరాజు నా చేతిలోంచి కర్ర మెల్లిగా తీసుకున్నాడు.

"మీరు లెక్కెట్టండి మాస్టరు బాబూ. నాను సుడతాను."

తీగ కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని, కర్రను ఒళ్ళో పెట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు. అతనికి లెక్క అక్కరలేదు, చేతికే తెలుసు. నేను పద్దెనిమిది పూసలకు అయిదు చుట్లు వచ్చాయో లేదో చూడడమే. ఒక్కసారీ తప్పలేదు. పోలమ్మ పూసలు గుచ్చి అందించింది. సుభద్ర కాగితం పట్టుకుని ఏ స్ప్రింగు తర్వాత ఏ వంపో చెప్పింది.

నేను ఊరికే కూర్చోలేక నా ఎడమ చేతిని తిట్టుకుంటున్నాను. బెత్తం దెబ్బలు తిన్నా బుద్ధి రాలేదు దీనికి అన్నాను. సుభద్ర కాగితం కింద పెట్టి ఒక పూస తీసింది.

"అలా అనకండి మాస్టారూ. అమైనో ఆమ్లాలు రెండు రకాలు, కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ లాగ. అద్దంలో బొమ్మలు. మన ఒంట్లో ప్రోటీనుకు పనికొచ్చేవి ఎడమచేతి రకమే. చీమకీ అంతే, సూర చేపకీ అంతే. ఎడమచేతి పూసలు గుచ్చితేనే కుడి పురి హాయిగా కూర్చుంటుంది. ఎడమ పురి తిప్పారా, ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి."

"అంటే పూస మాస్టరు బాబుది, పురి నాది," అన్నాడు నూకరాజు, తల ఎత్తకుండా.

మధ్యాహ్నం పోలమ్మ అన్నం పెట్టింది. వంజరం పులుసు. గోదావరివాళ్ళం పులస పేరెత్తకుండా చేప తినలేం, నేనూ ఎత్తాను. పోలమ్మ, ఏరు నీల్ల సేపకి ఉప్పెక్కడిది బాబూ, పేరే గాని రుసుండదు అంది. మా ఊళ్ళో ఈ మాటంటే బంతి లేచిపోయేది. నేను రెండోసారి పులుసు వడ్డించుకున్నాను. ఇంతకంటే జవాబు ఆమెకు అక్కర్లేకపోయింది.

పొద్దు వాలేసరికి ఎనిమిది స్ప్రింగులూ మడతల్లో కూర్చున్నాయి. గూట్లో బిళ్ళ, బిళ్ళలో గుండు. తెగిన ఏడు పూసల ముక్కను మాత్రం విప్పలేదు. అదనపు పూసలుండబట్టి దాని బదులు కొత్తది చుట్టాడు నూకరాజు. పాతది పాకలో మేకుకు వేలాడేశాడు. సుభద్ర కుడి పిడికిలి పట్టి ఎనిమిదింటినీ ఒక్కొక్కటే పరీక్షించింది. డైరీలో ఎనిమిది గుర్తులు పెట్టాను, ఈసారి తిరిగే వైపుతో సహా.

శుక్రవారం పదింటికి

సెమినారు గదిలో వెనక బల్ల మీద కూర్చున్నాను. పరీక్షకులు ముగ్గురు. బయటి ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు, తెల్లటి ముడి, మాట తక్కువ. సుభద్ర మొదటి పది నిమిషాలూ ఏం చెప్పిందో నాకు తెలియదు, అంతా ఇంగ్లీషు, లెక్కలు. కాగితాలు చూసి గబగబా చదివేస్తోందని మాత్రం తెలుస్తూనే ఉంది.

అప్పుడు నమూనా చేతిలోకి తీసుకుంది. గొంతు మారింది. సూర చేపలో ఏ ఏ పూసలు మారాయో, అవి గూటి నుంచి ఎంత దూరంలో ఉన్నాయో, అయినా గూడు ఎందుకు చెడలేదో, వేలు పెట్టి చూపించింది. కిందటిసారి ఏమీ అర్థం కాలేదన్న పరీక్షకుడు లేచి దగ్గరికొచ్చి, మళ్ళీ చూపించమని అడిగాడు.

పెద్దావిడ చెయ్యి చాచింది. నమూనాను ఒడిలో పెట్టుకుని, పొడుగాటి స్ప్రింగు పక్కన తన కుడి పిడికిలి పెట్టి బొటనవేలు ఎత్తింది. నేను మెడ చాచి చూశాను. తర్వాత మొత్తం నమూనాను తలకిందులు చేసి మళ్ళీ పిడికిలి పెట్టింది. తలకిందులు చేస్తే మారుతుందేమోనని ఆశపడ్డ మనిషిని గదిలో నేనొక్కణ్ణే కాదు కాబోలు అనుకున్నాను. ఆవిడ నవ్వి, ఎవరు చుట్టారని తెలుగులోనే అడిగింది.

"చేపల రేవులో వలలు కుట్టే నూకరాజుగారండి. లెక్కపెట్టింది మా డ్రాయింగు మాస్టారు," అంది సుభద్ర.

అందరూ నా వైపు తిరిగారు. లేచి నమస్కారం పెట్టాను, కుడి ఎడమలు రెండూ కలిపి.

మధ్యాహ్నం మూడింటికి సుభద్ర గైడు బయటికొచ్చి చెప్పాడు. ఫెలోషిప్పు ఇంకో రెండేళ్ళు. ఆ నమూనా డిపార్టుమెంటులోనే అద్దాల బీరువాలో ఉంటుందట. సుభద్ర నా సంచి అందుకుని బయటికి నడిచింది. బస్సు వస్తుంటే పరిగెత్తి ఎక్కి, నన్నూ ఎక్కించి, కండక్టరుకు చేపల రేవు రెండు టిక్కెట్లు అంది.

మాడుగుల హల్వా పొట్లంతో పాకలోకి వెళ్ళాం. నూకరాజు వల మీద నుంచి తల ఎత్తాడు.

"నిలిసిందా తల్లీ?"

"నిలిచింది."

అంతే. మళ్ళీ వల అందుకున్నాడు. పోలమ్మ మాత్రం పొట్లం విప్పి, నెయ్యి బాగా ఏసినాడు అని హల్వా నలుగురికీ పంచింది. మేం లేచేటప్పుడు నూకరాజు మేకు మీద ఉన్న ఏడు పూసల ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. పడవకి పనికి రాదు, అలాగని పారెయ్యలేను, మీ సెయ్యి కదా బాబూ, అట్టుకెల్లండి అన్నాడు.

ఇంటికి

శనివారం రాత్రి భోజనాల వేళకు ఇల్లు చేరాను. మా ఆవిడ నన్ను కుశలం అడగకముందే చపాతీ కర్ర అడిగింది. ఇచ్చాను. వాసన చూసి నాకే తిరిగిచ్చేసింది. ఎన్నిసార్లు కడిగినా దానికి రేవు వాసన పోలేదు. కొత్తది కొన్నాం, నాలుగు రూపాయలు.

సుభద్ర ఇప్పుడు వేరే ఊళ్ళో పిల్లలకు అదే పాఠం చెబుతోంది. పిడికిలి పట్టి బొటనవేలు ఎత్తి చూపిస్తుందట.

ఆ ఏడు పూసల ముక్కను గడ్డం గీసుకునే అద్దం ముందు చిన్న మేకుకు తగిలించాను. బయట చూస్తే ఎడమ పురి. అద్దంలో చూస్తే కుడి పురి, ఏ పరీక్షకుడూ వంక పెట్టలేడు. దాని పక్కన రేజరు పట్టుకుని గడ్డం గీసుకుంటున్న ముసలాయన కూడా, అద్దంలో, కుడిచేతి వాటం వాడే.